ఒక సూదియా, రెండు సూదులా?

ఆత్మకూరు అను పేరుగల ఊళ్ళు తెలుగునాట ఒకటి కంటె ఎక్కువ కలవు. నెల్లూరు సీమలో ఒకటి, వనపర్తి ప్రాంతమున ఒకటి ఉన్నవి. మేము చెప్పబోవునది నల్లమలకు పడమటి పాదమున నున్న ఆత్మకూరు. ఉగాదికి ముందు అడవిదారిని నాగలూటి మీదుగా కాలినడకను శ్రీశైలమునకు పోవు కన్నడ యాత్రికులకు ఇది చిరపరిచితము. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరినది.

ఆ ఊరిలో ఒక ఇంట మేము విన్న సంభాషణయే ఈ ప్రసంగమునకు మూలము. సెలవులకు ఇల్లు చేరిన బాలిక ఒకతె, ఊరక కూర్చుండుట కంటె ఏదైన చేతిపని నేర్చుకొనవలెనని సంకల్పించినది. రెండు సూదులతో ఊలు అల్లుట మేలా, కొక్కెపు సూదితో లేసు అల్లుట మేలా అని ఆలోచించుచుండెను. రేడియో చెంత కూర్చున్న అవ్వ కలుగజేసికొని, “ఈ ఎండలకు ఊలు ఎవరికి కావల్ల పాపా? నూలుతో లేసు అల్లుకో. అయితే పొద్దుపోకకే అల్లుకో, అమ్మేదానికి వద్దు. అల్లినోళ్ళకు ఏమీ మిగలదు” అనినది. “ఎందుకు మిగలదు అవ్వా?” అని బాలిక అడిగినది. ఆ ప్రశ్నకు అవ్వ బదులు చెప్పలేదు. ఆమె మొదటి మాట మన ఎండను గూర్చినది. రెండవది మన చరిత్రను గూర్చినది. రెండింటిని విచారింతము.

ఈ అల్లికలు రెండును దారమును ఉచ్చులుగ మలచి గుడ్డ చేయు విద్యలే. నేతలో వలె పడుగు పేకలు లేవు; మగ్గము అక్కరలేదు. ఉచ్చులోనుండి ఉచ్చును తీయుచు ఒకే దారము సాగిపోవును. రెండు సూదుల అల్లికలో ఒక వరుసలోని ఉచ్చులన్నియు, నూరైనను నూట యేబదియైనను, సూది మీద నిలిచియుండవలెను. వానిలో ఒకటి జారెనా, క్రింది వరుసలు కూడ నిచ్చెన మెట్ల వలె విడిపోవును. కొక్కెపు అల్లికలో సాధారణముగ ఏ క్షణమునందైనను విడివడి యుండునది ఒక్క ఉచ్చే. వెనుకటివన్నియు బిగిసియే యుండును. కనుక పొయ్యి మీద పాలు పొంగినను, తొట్టిలో బిడ్డ ఏడ్చినను, పనిని అట్లే విడిచి లేవవచ్చును. మరల వచ్చి అదే చోట అందుకొనవచ్చును. ఈ చిన్న సౌకర్యమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఒక పరిశ్రమ పుట్టుకకు ఇదియు ఒక కారణమైనది.

గుణములలోను భేదము కలదు. సూదుల అల్లిక సాగును, ఒంటిని పట్టియుండును. స్వెట్టరుకు, మేజోళ్ళకు తగినది. కొక్కెపు అల్లిక అంతగ సాగదు, రూపము చెడదు. బల్లగుడ్డలకు, అంచులకు, చేతిసంచులకు తగినది. దారము మాత్రము దీనికే కొంత ఎక్కువ పట్టును.

రెండు సూదుల అల్లికయే వయసున పెద్దది. ఈ అల్లికకు మిగిలిన పాత సాక్ష్యములలో ఈజిప్టు దేశమున దొరికిన మధ్యయుగపు మేజోళ్ళు ముఖ్యమైనవి. వానిలో అనేకము ఊలువి కావు, నూలువి. చలిదేశమువి కావు, ఎడారి దేశమువి. కాబట్టి సూదుల అల్లిక అనిన ఊలే అనుట మన అలవాటే గాని శాస్త్రము కాదు. ఐరోపాకు చేరిన పిదప అచటి చలి ఆ విద్యను ఉన్నితో ముడివేసినది. 1589లో ఇంగ్లండున విలియం లీ అను మతాచార్యుడు మేజోళ్ళు అల్లు యంత్రమును కనిపెట్టెను. చేతిపనివారి బ్రదుకు చెడునని ఎలిజబెత్తు రాణి ఆయనకు హక్కుపత్రము నిరాకరించెనని చెప్పుదురు. రాణి ఆపినను యంత్రము ఆగలేదు. నేడు మనము తొడుగుకొను బనియనులు, మేజోళ్ళు ఆ యంత్రపు సంతతి అల్లినవే. ఆనాటినుండి సూదుల అల్లిక క్రమముగ యంత్రమునకు పని అయి, ఇంట వేడుకగా మిగిలినది.

కొక్కెపు అల్లిక అంత పురాతనము కాదు. నేడు మనము ఎరిగిన రూపమున అది ఐరోపాలో ప్రసిద్ధికెక్కినది 19వ శతాబ్దమున. దానిని లోకమంతట వ్యాపింపజేసినది వేడుక కాదు, కరువు. 1845లో ఐర్లండున బంగాళాదుంప పైరునకు తెగులు సోకి, కొన్నియేండ్లు ఘోరమైన క్షామము నెలకొనెను. కన్యాశ్రమములవారు, దయగల గృహిణులు పేద స్త్రీలకు కొక్కెపు సూది చేతికిచ్చి లేసు అల్లుట నేర్పిరి. వెనీసు నగరపు లేసును బోలిన పనితనము దీనితో త్వరగ సిద్ధమగుచుండెను. ఆ లేసు అమ్ముడుపోయి అనేక కుటుంబములకు గంజి దొరకినది. 1876–78 నాటి ధాత కరువును తాతల నోట విన్న మన సీమవారికి ఆ ఐరిషు తల్లుల కథ పరాయిది కాదు.

ఇచట ఒక విశేషము కలదు. నిజమైన కొక్కెపు అల్లికను చేయగల యంత్రము నేటికిని పరిశ్రమలో వాడుకకు రాలేదు. అంగళ్ళలో దొరకు యంత్రపు లేసు వేరు జాతిది. కావున కొక్కెపు లేసు ఎచ్చట కనబడినను, దాని వెనుక ఒక మనిషి చేతులు ఉన్నవని నిశ్చయముగ చెప్పవచ్చును. అది చవుకగ దొరకినచో, చవుకైనది ఎవరి పొద్దో ఆలోచింపవలెను.

ఈ విద్య తెలుగునాట వేళ్ళూనినది గోదావరి తీరమున. 19వ శతాబ్దపు నడిమి భాగమున స్కాట్లండునుండి వచ్చిన మాక్రే దంపతులు అను మిషనరీలు నరసాపురము ప్రాంతమున స్త్రీలకు లేసు పని నేర్పిరని ప్రతీతి. అటు దుమ్ముగూడెమునందును మిషనువారు ఈ పనిని నేర్పిరి. తొలుత పేద క్రైస్తవ స్త్రీలు, తరువాత ఇతర కులముల స్త్రీలును సూది పట్టిరి. నరసాపురము, పాలకొల్లు గ్రామసీమలలో అది ఇంటింటి పనియై, సరకు సముద్రములు దాటెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మన సీమలో అట్లు ఏల జరుగలేదు? ముడిసరకు లేక కాదు. కురువలు మంద గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, కదురుతో వడికి, గుంటమగ్గముపై కంబళ్ళు నేయుట ఇచట తరతరముల వృత్తి. చింతగింజల గంజి పట్టించిన ఆ కంబళి వానకు గొడుగు, రాత్రికి పరుపు. అయితే ఆ ఉన్ని ముతకది; కాపరి భుజమునకు తగును గాని పసిబిడ్డ మేనికి తగదు. ఇక పత్తి అనిన, నంద్యాల నల్లరేగళ్ళ పంటకు పెట్టినది పేరు. 1906లోనే అచట వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినది. ఊలు లేక, నూలు లేక ఈ పరిశ్రమ రాకపోలేదు. మెట్టసేద్యపు ఊళ్ళలో స్త్రీలకు కలుపు, పత్తితీత, వేరుసెనగ ఒలుపు ఉండనే ఉన్నవి. డెల్టాలో కాలువలు పారి కుటుంబములు నిలదొక్కుకొనిన పిదప, పొలమునకు పోవుట గౌరవభంగమని తలచి స్త్రీలను ఇంటిపట్టున నుంచిన వర్గములు కొన్ని ఏర్పడినవి. ఇల్లు కదలకుండ, వంట నడుమ అందుకొని విడువదగిన పని వారికి కావలసి వచ్చినది. ముందు చెప్పిన ఒక్క ఉచ్చు సౌకర్యము అచటనే అక్కరకు వచ్చినది.

ఆ సౌకర్యమే వారిపాలిట వలయు అయినది. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివర నరసాపురము పల్లెలలో ఉండి పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిపని గాక దినమునకు ఆరేడు గంటలు అల్లినను రూపాయి కూడ చేతికి రాని స్త్రీలు అనేకులని ఆమె చూపెను. చిన్న పూవులను అల్లువారు కొందరు, వానిని అతుకువారు కొందరు. దారమిచ్చి సరకు కొనిపోవు వర్తకులు పురుషులు. తాము అల్లిన పూవు ఏ వస్తువులో చేరునో, ఏ దేశమున ఎంతకు అమ్ముడగునో అల్లినవారు ఎరుగరు. ఇంతటి శ్రమకు లోకము పెట్టిన పేరు ‘తీరిక వేళల పని’. గృహిణి తీరిక వేళ చేయు పనికి కూలి లెక్క ఏల అను ఆ ఒక్క మాటతో గంటలన్నియు లెక్కలోనుండి జారిపోయినవి. సూది మీదనుండి జారిన ఉచ్చు వలె, అది క్రింది వరుసలన్నిటిని విప్పివేసినది.

అవ్వ చెప్పక విడిచిన బదులు ఇదియే. లేసులో డబ్బు లేక కాదు, అల్లినవారి పొద్దును ఎవరును లెక్కింపలేదు గనుక వారికి మిగులలేదు.

ఇక ఆ బాలికకు మేము చెప్పదగినది ఏమి? వేడుకకైనచో మనసైన దానిని పట్టవచ్చును. మన ఎండలకు నూలే హితవు. రెండు సూదులతో కూడ నూలు అల్లవచ్చునని ఈజిప్టు మేజోళ్ళు సాక్ష్యమిచ్చుచున్నవి. ఒంటికి పట్టు వస్తువు కావలెననిన రెండు సూదులు, ఇంటికి అలంకారము కావలెననిన కొక్కెపు సూది. పనుల నడుమ అల్లువారికి కొక్కెమే అనుకూలము. లేసు దారమునకు సంఖ్య పెరిగినకొలది సన్నదనము పెరుగును. నేర్చుకొనువారు ముతక దారముతో మొదలిడిన కంటికి శ్రమ ఉండదు. చెవి రేడియోకు అప్పగించి చేతులతో చేసికొనదగిన పనులలో ఇంతకంటె హాయియైనవి కొలదిగ గలవు.

అమ్మవలెననిన మాత్రము సూదితోపాటు ఒక చిన్న పుస్తకము దగ్గర నుంచుకొనవలెను. ప్రతిదినము అల్లిన గంటలను అందు వ్రాయవలెను. ఒక బల్లగుడ్డకు దినమునకు నాలుగు గంటల చొప్పున పది దినములు పట్టినదనుకొందము; నలువది గంటలు. దానిని 400 రూపాయలకు ఇచ్చినచో గంటకు 10 రూపాయలు. దారము వెల తీసివేయగ అంతయు దక్కదు. ఆ అంకె చూచిన పిదప అమ్ముటయా, మానుటయా, వెల పెంచుటయా, పదిమందితో కలసి సంఘముగ అమ్ముటయా అనునది ఆమె నిర్ణయము.

“అమ్మేదానికి వద్దు” అనిన అవ్వ మాటను మేము కొంచెము మార్చి చెప్పెదము: అమ్మవచ్చును, లెక్క వ్రాయక మాత్రము అమ్మరాదు. ఒక సూదియా, రెండు సూదులా అనునది అభిరుచికి విడువదగిన ప్రశ్న. గంటలెన్ని అను ప్రశ్నను మాత్రము ఏ అల్లికలోను జారవిడువరాదు.