పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో రోగనిరోధక కణాలు

పెద్దపేగులోనో పురీషనాళంలోనో పుట్టిన కణితిని ఆపరేషన్‌తో తీశాక, దాన్నుంచి పలుచని పొరలు కోసి, రంగు వేసి పాథాలజిస్టులు సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అక్కడ క్యాన్సర్ కణాలతో పాటు, వాటి మధ్యా చుట్టూ చిన్నగా, గుండ్రంగా, ముదురు నీలం రంగులో మరికొన్ని కణాలు కనిపిస్తాయి. ఇవి లింఫోసైట్లు, శరీరాన్ని కాపాడే తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఇవి ఎన్ని ఉన్నాయి, ఏ జాతివి, కణితిలో ఏ చోట చేరాయి అన్నవి చూస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎంతో అంచనాకు అందుతుంది. నూట యాభై ఏళ్లకు పైగా వైద్యుల కళ్లముందే ఉన్నా, ఈ కణాలకు రోగి రిపోర్టులో చోటు దక్కింది మాత్రం ఇటీవలే.

తొలి పరిశీలనలు

కణితుల్లో తెల్లరక్తకణాలు ఉండటాన్ని 1863లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ప్రస్తావించారు. దీర్ఘకాలం వాపు ఉన్నచోట క్యాన్సర్ పుడుతుందన్నది ఆయన అభిప్రాయం. అంటే ఈ కణాలు మొదట అనుమానితులుగానే లెక్కకు వచ్చాయి. ఆ అనుమానంలో నిజం లేకపోలేదు. ఏళ్ల తరబడి పేగుపూతతో (అల్సరేటివ్ కొలైటిస్) బాధపడేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువే. 1909లో పాల్ ఎర్లిక్ మరో వైపు నుంచి ఆలోచించారు. శరీరపు రక్షణ శక్తి అదుపు చేయకపోతే క్యాన్సర్లు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించేవని ఆయన వాదన. ఈ రెండు ఆలోచనల్లో ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చడానికి ఆనాటి పనిముట్లు చాలలేదు.

1870ల నుంచి వాడుకలోకి వచ్చిన హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల జంట కణకేంద్రకాన్ని నీలంగా, మిగతా భాగాన్ని గులాబీ రంగులో చూపిస్తుంది. నేటికీ ప్రతి పాథాలజీ ల్యాబులో మొదట వేసేది ఇదే. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన మెకార్టీ, మాలే కడుపు క్యాన్సర్లు పరిశీలించి, లింఫోసైట్లు బాగా చేరిన రోగులు ఆపరేషన్ తర్వాత ఎక్కువకాలం బతికారని రాశారు. ఆ మాటకు రావలసినంత గుర్తింపు రాలేదు.

సెయింట్ మార్క్స్ ఆసుపత్రి

పేగు క్యాన్సర్ పాథాలజీకి లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పుట్టిల్లు. కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో ఇక్కడి నుంచే పురీషనాళ క్యాన్సర్‌కు ఎ, బి, సి దశలను ప్రకటించారు. కణితి పేగు గోడకే పరిమితమైతే ఎ, గోడ దాటితే బి, లింఫు గ్రంథులకు పాకితే సి. సులువైన, ఎవరు చేసినా ఒకేలా వచ్చే ఈ పద్ధతి ఎంతగా నిలబడిందంటే, నేటి దశల విభజనకూ మూలం ఇదే. కానీ కణితి ఎంత దూరం వెళ్లిందన్నదే ఇందులో కొలత. శరీరం దాన్ని ఎలా ఎదుర్కొంటోందో రాయడానికి ఇందులో గడి లేదు.

ఆ గడిని చేర్చాలని అదే ఆసుపత్రిలో ప్రయత్నించిన వ్యక్తి జెరెమీ జాస్. పురీషనాళ క్యాన్సర్ అంచున లింఫోసైట్లు దట్టంగా చేరితే రోగి బతికే అవకాశాలు మెరుగని 1986లో ఆయన చూపారు. 1987లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన కొత్త వర్గీకరణలో నాలుగు అంశాలు తీసుకుంటే, వాటిలో ఈ లింఫోసైట్ల వరుస ఒకటి. ఈ చరిత్రలో అతి విలువైన మలుపు ఇదేనని చెప్పాలి. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా దొరికే స్లైడు మీదే జాస్ ఆ సంగతి కనిపెట్టారు. అయినా పద్ధతి విస్తృతంగా నిలదొక్కుకోలేదు. ఒక పాథాలజిస్టుకు దట్టంగా తోచింది మరొకరికి ఓ మోస్తరుగా కనిపించేది. 1990లో మిషిగన్‌లో గ్రాహం, అపెల్‌మన్ కణితి చుట్టూ లింఫోసైట్లు గుంపులు కట్టే తీరును వర్ణించారు. క్రోన్స్ జబ్బులో పేగు గోడలో కనిపించే ముద్దలను పోలి ఉండటంతో దానికి ఆ జబ్బు పేరే వచ్చింది. ఆ గుంపులూ మంచి సూచనే అని తేలింది.

కణాలకు పేర్లు, లెక్కలు

నీలి, గులాబీ రంగుల్లో లింఫోసైట్లన్నీ ఒకేలా ఉంటాయి. క్యాన్సర్ కణాన్ని చంపగలిగేదేదో, తోటి కణాలను నెమ్మదింపజేసేదేదో వాటితో చెప్పలేం. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ కనుగొన్నాక ఈ అడ్డంకి తొలగింది. కణం మీది ఒక్కో ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీకి రంగు జోడిస్తే, కావలసిన కణం ఒక్కటే గోధుమరంగులో తేలుతుంది. ఆ ప్రోటీన్లకే సీడీ3, సీడీ8 వంటి అంకెల పేర్లు వచ్చాయి. సీడీ3 టీ-కణాలనే లింఫోసైట్లన్నిటికీ గుర్తు, సీడీ8 ముఖ్యంగా వాటిలో చంపే కణాలకు గుర్తు.

1998లో జపాన్ పరిశోధకులు 131 మంది పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ రోగుల కణితులను ఇలా పరీక్షించారు. సీడీ8 కణాలు క్యాన్సర్ కణాల గూళ్ల లోపలికి చొరబడి ఉన్నవారే ఎక్కువకాలం బతికారు. ‘ఎన్ని’ అన్న ప్రశ్న పక్కన ‘ఎక్కడ’ అన్నది గట్టిగా నిలబడింది ఇక్కడే. ఆ తర్వాత పారిస్‌లో ఫ్రాంక్ పాజెస్, జెరోమ్ గాలోన్ బృందం 2005లోను, 2006లో ‘సైన్స్’ పత్రికలోను ఇదే దారిని చాలా ముందుకు తీసుకెళ్లింది. కణితి మధ్యభాగంలో, అంచులో టీ-కణాల సాంద్రత చూస్తే, కొన్నిసార్లు సంప్రదాయ దశల కన్నా మెరుగ్గా రోగి భవిష్యత్తు తెలుస్తుందని వారు వాదించారు. జాస్ కంటితో చేసిన అంచనాను వారి పద్ధతిలో కంప్యూటర్ లెక్క పెడుతుంది. సీడీ3, సీడీ8 కణాలను ఆ రెండు చోట్లా కొలిచే ఈ పరీక్షకు ఇమ్యునోస్కోర్ అని పేరు. 13 దేశాల్లోని 14 కేంద్రాలు కలిసి దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించాయి. వాటిలో అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా ఉంది.

కుట్టుపని చేసే స్త్రీ నుంచి కొత్త మందుల దాకా

కొన్ని కణితుల్లోనే ఈ కణాలు ఎందుకు కిక్కిరిసి ఉంటాయి? దీనికి జవాబు మరో దారిలో వచ్చింది. 1895లో మిషిగన్‌లో కుట్టుపని చేసే ఒక స్త్రీ, తమ ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భాశయ క్యాన్సర్‌తోనో పోతున్నారని, తనకూ అదే గతి అని పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్థిన్‌తో చెప్పింది. ఆమె అన్నంతా అయింది. వార్థిన్ ఆ కుటుంబ చరిత్రను 1913లో ప్రచురించారు. తర్వాత హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాలను పట్టుదలగా అధ్యయనం చేయడంతో ఆ జబ్బుకు లించ్ సిండ్రోమ్ అని పేరొచ్చింది. డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను దిద్దే జన్యువులు పనిచేయకపోవడమే దాని మూలమని 1990లలో తేలింది. వంశంతో సంబంధం లేకుండా కూడా ఈ లోపం రావచ్చు. మొత్తం మీద పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 15 శాతంలో ఇది కనిపిస్తుంది. తప్పులు పేరుకున్న కణితి వింత ప్రోటీన్లు తయారుచేస్తుంది, టీ-కణాలు వాటిని పరాయివిగా పోల్చుకుని వచ్చి చేరతాయి.

వచ్చినా అవి కణితిని మట్టుపెట్టలేకపోవడానికి కారణం పీడీ-1 అనే నిలుపుదల వ్యవస్థ. దాన్ని అడ్డుకునే మందులు పెద్దపేగు క్యాన్సర్‌పై పనిచేయవని తొలి ప్రయోగాల్లో దాదాపు తేల్చేశారు. 2012 నాటి ఒక ప్రయోగంలో 19 మందిలో ఒక్కరికీ గుణం కనిపించలేదు. అంతకుముందు మాత్రం ఒక రోగికి కణితి పూర్తిగా కరిగిపోయింది. ఆ ఒక్కరినీ వదిలేయకుండా జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఆరా తీస్తే, ఆ కణితిలో దిద్దుబాటు లోపం బయటపడింది. ఈ లోపమున్న కణితులపై మందు పనిచేస్తుందన్న ఆలోచనను 2015లో ఒక ప్రయోగం బలపరిచింది. 2017లో అమెరికాలో ఈ లోపమున్న కణితులకు, అవి ఏ అవయవంలో పుట్టినా, పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్ వాడకానికి అనుమతి వచ్చింది. 2022లో న్యూయార్క్‌లో ఇదే లోపమున్న పురీషనాళ క్యాన్సర్ రోగులు 12 మందికి అదే తరహా మందు డోస్టార్లిమాబ్ ఇస్తే, ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ లేకుండానే అందరిలోనూ కణితి కనిపించకుండా పోయింది.

తేలని విషయాలు

మిగతా 85 శాతం కణితుల్లో అత్యధికం ఈ మందులకు లొంగడం లేదు. నిరోధాన్ని తగ్గించే ఫాక్స్‌పీ3 కణాలు ఎన్నో క్యాన్సర్లలో చెడు సూచన కాగా, 2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్‌లో దానికి విరుద్ధమైన ఫలితం చూశారు. పేగులో సూక్ష్మజీవులు రేపే వాపును అవి చల్లబరుస్తాయేమోనన్నది ఒక ఊహ. నోటిలో ఉండే ఫ్యూసోబాక్టీరియం అనే సూక్ష్మజీవి పెద్దపేగు కణితుల్లో ఉంటుందని 2012లో బయటపడింది. అది ఎక్కువగా ఉన్న కణితుల్లో టీ-కణాలు తక్కువని 2015లో మరో అధ్యయనం తెలిపింది. ఆ సూక్ష్మజీవే టీ-కణాలను దూరంగా ఉంచుతోందా, అవి లేని చోటు చూసుకుని చేరుతోందా అన్నదాని మీద పరిశోధన సాగుతోంది.