మారాబీ పాటయు మర్యాదస్థుల తీర్పును

ఒక కళ యెట్టి యింట బుట్టినదో చూచి దాని విలువ కట్టుట లోకమునకు వాడుక. ఆ యిల్లట్లుండుటకు కారకులెవ్వరని యడుగువారు మాత్రమరుదు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు నగరమున గత శతాబ్దమందు వెలసిన మారాబీ సంగీతపు చరిత్రము ఈ విషయమున మనకొక పాఠము చెప్పుచున్నది.

1886లో అచ్చట బంగారము బయల్పడినది. గనులకు కూలివారు కావలసి వచ్చిరి. 1913వ సంవత్సరపు భూశాసనము దేశపు నేలలో నూటికి సుమారేడు పాళ్లు మాత్రమే ఆఫ్రికనులకు విడిచినది. భూమి లేనివారు పట్టణము చేరిరి. డోర్న్‌ఫాంటెయిన్ మొదలగు పేటలలో ఇరుకు గదులు వరుసగా నున్న దొడ్లలో వారు కాపురముండిరి. మగవాని కూలి కుటుంబమునకు చాలెడిది కాదు. ఇల్లాలు పరుల బట్టలుతికియు, జొన్న మొలకలతో బీరు పులియబెట్టి యమ్మియు లోటు పూడ్చుకొనెడిది. 1933-34లో రూయియార్డు అను నట్టి దొడ్డిని పరిశీలించిన ఎలెన్ హెల్‌మన్ అను విదుషి యీ సంగతినే కనుగొని వ్రాసినది.

ఇట్లు మద్యమమ్ము నిండ్లకు షెబీనులని పేరు. మారాబీ పాట పుట్టినది అందే. కాళ్ల హార్మోనియమో, పాత పియానోయో యొకటి. తాళమునకు గులకరాళ్లు నింపిన డబ్బా. కచేరీకి కావలసిన సామగ్రి యింతియే. ఒకే చిన్న స్వరవరుస రాత్రియంతయు మరల మరల తిరుగుచుండ, దానిపై జూలూల, సోతోల పాటలును, గుడిలో నేర్చిన కీర్తనల పొందికయు, అమెరికా రాగ్‌టైమును ఏకమయ్యెను. వేరువేరు జాతులవారికి పట్టణమున దొరకిన మొదటి ఉమ్మడి భాష యిదియే యని చెప్పవచ్చును.

మేము పానమును సమర్థించువారము కాము. దానివలన కూలిన కాపురములు ఏ దేశమందును లెక్కకు మిక్కిలి. కాని యచ్చటి నిషేధము నీతికొరకు పుట్టినది కాదు. తెల్లవాడు త్రాగు సారాయమును 1962వ సంవత్సరము వరకును నల్లవానికమ్మరాదు. ఇంట కాచిన బీరు నేరము. ఆ బీరునే పురపాలక సంఘము తన యంగళ్లలో నమ్మి లాభము గడించెడిది. 1908లో నాటాలునందు శాసనముచే నారంభమైన యీ పద్ధతిని తరువాత జొహానెస్‌బర్గును అనుసరించినది. తప్పు మద్యమున నుండినచో, అమ్మెడి చేయి మారినంతమాత్రమున నది యొప్పెట్లగును? 1932లో పుట్టిన మిరియం మకేబా పదునెనిమిది దినముల పసికందై యుండగా, బీరు అమ్మినదని యామె తల్లిని చెరసాలలో బెట్టిరి. ఆ బిడ్డయు తల్లితో నారు నెలలు చెరలోనే గడపినది. పిమ్మట ప్రపంచమంతయు విన్న కంఠమది.

చదువుకొన్న ఆఫ్రికనులు సైతము మారాబీని నీచమని యీసడించిరి. ఉపాధ్యాయులు, గుమాస్తాలు మొదలగువారు పీటర్ రెజంట్ నడపిన మెర్రీ బ్లాక్‌బర్డ్సు మేళమునే మెచ్చెడివారు. అది స్వరలిపి చూచి అమెరికా బాణీలు వాయించెడిది. వారిని నిందింపజాలము, మర్యాద చూపినచో తెల్లవారు హక్కులిత్తురని వారి యాశ. ఆ మర్యాద వారికి వీధిలో నడచు హక్కునైన నీయలేదు. ప్రత్యేకపు రాదారి చీటి లేక నల్లవాడు రాత్రివేళ తిరుగరాదు గనుక, కచేరీ యెనిమిది గంటలకు మొదలై నడిరేయి వరకును, పిదప నృత్యము తెల్లవారుజాము నాలుగు గంటల వరకును సాగెడిది. విలాసమని చూచువారు తలచినది నిజమునకు నిర్బంధమే. ఇంతలో మారాబీ పియానో వాద్యకుడైన సాలమన్ సెలే జాజ్ మేనియాక్సు అను మేళమును కూర్చి, షెబీను పాటను పెద్ద మేళపు వాద్యములపై కెక్కించెను. ఆఫ్రికన్ జాజ్ అని పిమ్మట ఖ్యాతి గాంచినది ఈ కలయికయే. మూలమైన మారాబీయో, తన కాలమున గ్రామఫోను పలకల కెక్కినది బహుస్వల్పము. ఏవగింపునకు చెల్లించిన వెల యది.

నల్లవారు సొంతముగ నేల కొనగలిగిన సోఫియాటౌన్ ఈ సంగీతమునకు పుట్టినిల్లువంటిదయ్యెను. 1955 ఫిబ్రవరి 9వ తేదీన దొరతనమువారు పోలీసులతో వచ్చి జనులను మెడోలాండ్సునకు తరలింప నారంభించిరి. ఇండ్లు నేలమట్టమయ్యెను. ఆ చోట తెల్లవారికి వాడ గట్టి, విజయమను నర్థముగల ట్రియోంఫ్ అని పేరిడిరి. 2006లో పాత పేరు మరల వచ్చినది; పాత యిండ్లు రాలేదు.

సంస్కరణము కోరువారు దుర్వ్యసనమును ఖండింపవలసినదే. కాని చెడ్డ యింటిని దూషించుటకు ముందు, ఆ యింటి వాకిటికి బయటనుండి గొళ్లెము పెట్టినదెవరో చూడవలయును. లేనిచో మన నీతి, బీరు కుండను పగులగొట్టి, కుండ వెనుకనున్న యాకలిని అట్లే విడిచిపోవును. కుండతోపాటు పాటయు పగిలిపోవును.