బ్రౌజరును నడపు యంత్రము - దానిపై కాపలా

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లకు సమీపమున తీరము దాటెను. పిట్టలవానిపాలెము, కర్లపాలెము, నిజాంపట్నము ప్రాంతములవారికి అట్టి దినములలో తుపాను కబురు అందుట ఒక్కటే చాలదు. అది ఏ వేళ వెలువడిన కబురో తెలియుట కూడ ముఖ్యము. ఉదయపు కబురును సాయంకాలము చదివి ధైర్యము తెచ్చుకొన్నవాడు మోసపోవును. 1864లో కలకత్తాను, బందరును తుపానులు ముంచివేసిన పిమ్మట, దేశమంతటికి ఒక వాతావరణ శాఖ కావలెనను ఆలోచన క్రమముగా బలపడి, 1875లో ఆ శాఖ ఏర్పడెను. ఆ శాఖ ప్రకటనలను నేడు ఇంటర్నెట్టులో ఎవరైనను చదువవచ్చును.

పిట్టలవానిపాలెములోని ఒక ఉపాధ్యాయుడు, ఆ పుటను మూడు గంటలకొకసారి తెరచి, తమ జిల్లాకు చెందిన హెచ్చరికను వ్రాసిపెట్టు పనిని యంత్రమునకు అప్పగింపదలచెననుకొందము. ఆ పనిని యంత్రము ఎట్లు చేయును? అది సరిగా చేసినదని మనము ఎట్లు నమ్మవలెను? మొదటి ప్రశ్నకు సమాధానము త్వరగానే దొరకినది. రెండవదానికి మాత్రము నేటికిని జాగ్రత్త అవసరము.

కంటికొరకు పుట్టిన సాధనము

వెబ్ పుటలను చూపు ప్రోగ్రామునకు బ్రౌజరని పేరు. మొదటి బ్రౌజరును 1990లో జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ వ్రాసెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునుండి వెలువడిన మొజాయిక్ బ్రౌజరు, అక్షరములతోపాటు బొమ్మలను కూడ ఒకే పుటలో చూపి ప్రజాదరణ పొందెను. ఇవి మనుష్యుడు కంటితో చూచి, చేతితో మీటలు నొక్కుటకు ఉద్దేశింపబడినవి.

కాలక్రమమున కార్యాలయముల పనులు పెక్కు బ్రౌజరులోనికి వచ్చెను. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినను, పుటలన్నిటిని మరల తెరచి, ప్రతి మీటను నొక్కి పరీక్షింపవలసి వచ్చెడిది. ఈ విసుగునుండియే క్రొత్త సాధనము పుట్టినది. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ సంస్థయందు పనిచేయుచుండిన జేసన్ హగిన్స్, బ్రౌజరులో తనంతట తానే మీటలు నొక్కి పరీక్షించు ప్రోగ్రామును తయారుచేసెను. దానికి సెలీనియం అను పేరు వచ్చెను. పోటీ సంస్థ పేరు మెర్క్యురీ, అనగా పాదరసము. పాదరసపు విషమునకు సెలీనియము విరుగుడు గదా అను పరిహాసమే ఆ పేరునకు మూలము.

తొలి సెలీనియం పుట లోపలనే ఉండి పనిచేయుచుండెను. ఒక వెబ్‌సైటు ప్రోగ్రాము మరియొక వెబ్‌సైటులో చేయి పెట్టరాదను రక్షణ నియమము బ్రౌజరులో ఉన్నందున, దానికి అడ్డంకులు కలిగెను. తరువాత సైమన్ స్టూవర్టు రూపొందించిన వెబ్‌డ్రైవరు, బ్రౌజరును బయటినుండి నడుపు మార్గమును చూపెను. ఈ రెండును 2011లో ఒకటయ్యెను. 2018 జూన్ 5వ తేదీన వెబ్ ప్రమాణములను నిర్ణయించు అంతర్జాతీయ సంస్థ, వెబ్‌డ్రైవరు పద్ధతిని ప్రమాణముగా ఆమోదించెను.

దూరమునుండి ఆజ్ఞ

2017లో క్రోమ్ బ్రౌజరు తెర లేకుండగనే నడుచు శక్తిని పొందెను. పుట తెరచుకొనును, మీటలు నొక్కబడును, కాని చూచుటకు తెర మాత్రము ఉండదు. కాబట్టి బ్రౌజరు మన బల్లమీద ఉండనక్కరలేదు; ఎక్కడనో ఉన్న కంప్యూటరులో నడువవచ్చును. దానికి ఆజ్ఞ పంపుటకు ఏర్పరచిన ద్వారమే వెబ్ ఎ.పి.ఐ. ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును ఏ మాటలతో అడుగవలెనో, ఏ రూపమున సమాధానము పొందవలెనో నిర్ణయించు ఒప్పందమే ఇది.

"ఈ పుట తెరువుము, ఈ జిల్లా పేరు వెదకుము, దాని ప్రక్కనున్న వాక్యమును తెమ్ము" అని ఆజ్ఞ పంపితిమనుకొనుడు. ఆ పనికి నిమిషములు పట్టవచ్చును. అంతవరకు అడిగినవాడు వాకిట నిలిచియుండనక్కరలేదు. అవతలి కంప్యూటరు వెంటనే ఒక పనిసంఖ్యను ఇచ్చును. స్పీడు పోస్టు రసీదులోని సంఖ్యతో ఉత్తరము ఎంతవరకు చేరినదో తెలిసికొనునట్లే, ఈ సంఖ్యతో పని స్థితిని తెలిసికొనవచ్చును.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. వెబ్ సంభాషణా నియమములను వివరించుచు 1996 మే నెలలో వెలువడిన పత్రములోనే 202 అను సంకేతము కలదు. దాని భావము: "మీ కోరికను స్వీకరించితిమి, పని ఇంకను పూర్తి కాలేదు." అట్టి సమాధానముతోపాటు, పని ఎంతవరకు వచ్చినదో తెలిసికొను చోటును గాని, పూర్తియగు సమయపు అంచనాను గాని చూపవలెనని కూడ ఆ పత్రము చెప్పెను.

ముగియుట వేరు, నెరవేరుట వేరు

పని స్థితులు సాధారణముగా నాలుగు: వరుసలో ఉన్నది, నడుచుచున్నది, ముగిసినది, విఫలమైనది. అడిగినవాడు అప్పుడప్పుడు తానే విచారింపవచ్చును. లేదా పని ముగియగానే కబురు పంపుమని ముందే చెప్పియుంచవచ్చును. పని ఎంతకును తెమలనిచో ఇంతసేపటికి ఆపివేయవలెనని గడువు కూడ పెట్టుదురు.

అసలు చిక్కు "ముగిసినది" అను మాటలోనే ఉన్నది. తుపాను దినమున ఆ వెబ్‌సైటు పుట మారక, నిన్నటి ప్రకటనయే నిలిచియున్నదనుకొందము. యంత్రము పుట తెరచును, వాక్యము చదువును, వ్రాసిపెట్టును, "ముగిసినది" అని చెప్పును. దాని లెక్కలో తప్పు లేదు. కాని ఉపాధ్యాయునికి అందినది చచ్చిన కబురు. విఫలమైనదని చెప్పిన యంత్రము కంటె, తప్పు ఫలితముతో ముగిసినదని చెప్పిన యంత్రమే ఎక్కువ ప్రమాదకరము.

అందుచేత కాపలా మూడు విధములుగా ఉండవలెను. ఫలితముతోపాటు ప్రకటన వెలువడిన తేదీని, గంటను తెప్పించి సరిచూడవలెను. యంత్రము చూచిన పుటను ఛాయాచిత్రముగా భద్రపరచవలెను. ప్రతి అడుగును దినచర్యవలె వ్రాయించి, పుట రూపము మారి జిల్లా పేరు దొరకనప్పుడు ఖాళీ ఫలితమును ఇచ్చుటకు బదులు "విఫలమైనది" అని చెప్పించవలెను.

మరియొక హెచ్చరిక. సమాధానము రానప్పుడు మరల ప్రయత్నించుట సహజము. ఒక పుటను రెండుమార్లు చదివిన నష్టము లేదు. కాని పరీక్ష రుసుము చెల్లించు పని అయినచో, రెండవమారు రుసుము రెండింతలగును. మొదటి ఆజ్ఞ నెరవేరియుండి, సమాధానము మాత్రమే దారిలో పోయియుండవచ్చును. కాబట్టి అట్టి పనులకు ఒకే గుర్తుసంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మరల వచ్చినచో రెండవమారు చేయకుండునట్లు ఏర్పాటు చేయుదురు.

హద్దులు

యంత్రపు చేతికి వేగమెక్కువ. వెబ్‌సైటులో యంత్రములు ఏ భాగములకు రాకూడదో తెలుపు పద్ధతిని 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించెను. 2002లో మన రైలు టిక్కెట్లు ఇంటర్నెట్టులో అమ్ముట మొదలైన పిమ్మట, తత్కాల్ వేళ యంత్రములచేత టిక్కెట్లు కొనిపించు దళారులు బయలుదేరిరి. వేలితో పేరు వ్రాసికొను ప్రయాణికుడు వారితో పోటీపడలేడు. 2025 జూలై 1 నుండి వెబ్‌సైటులోను, యాప్‌లోను ఆధార్ ధ్రువీకరణ పొందినవారికే తత్కాల్ టిక్కెట్లు ఇచ్చు నియమము రావలసి వచ్చెను.

కార్యాలయమే తన సమాచారమునకు ఎ.పి.ఐ. ద్వారము తెరచియుంచినచో, బ్రౌజరును నడిపింపవలసిన పని తప్పును. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన మన మిత్ర, మొదట 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించినది. అక్కడ ప్రజలు పుటలను వెదకుచు పోనక్కరలేదు. అట్టి ద్వారము లేని చోట బ్రౌజరు యంత్రము ఇంకను ఉపకరించును.

ఏ మార్గమైనను, పని అప్పగించినంత మాత్రమున బాధ్యత తీరదు. పిట్టలవానిపాలెపు ఉపాధ్యాయుడు యంత్రమును అడుగవలసినది "చదివితివా?" అని కాదు; "ఏ గంట కబురు చదివితివి?" అని.