పదమూడేళ్ల ఒంట్లో రేపటి మనిషి

2013. న్యూయార్క్. కూలిన మేడల మధ్య తల దించుకుని నడుస్తోంది కేట్ ప్రైడ్. బట్టల మీద 'ఎమ్' గుర్తు. మ్యూటెంట్ అని, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న మనిషని. మెడకి ఆ శక్తిని అణిచేసే పట్టీ. ఒకప్పుడు ఎంత మందపు గోడలోంచైనా గాలిలా దూరిపోయిన మనిషి, ఇప్పుడు సౌత్ బ్రాంక్స్ శిబిరం గేటు దగ్గర నిలబడి, సెంటినెల్ అనే ఆ కొండంత మరమనిషి లోపలికి పొమ్మనేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. ఆమె దగ్గర తోటి మ్యూటెంట్ వుల్వరిన్ చాటుగా అందించిన చిన్న పరికరం ఉంది. దొరికిపోతే?

దొరకలేదు. ఆ పరికరంతో పట్టీలు మూగబోయాయి. మనసుల్ని కదిలించగల తోటి ఖైదీ రేచెల్ కళ్లు మూసుకుంది. కేట్ ఒళ్లు అక్కడే వాలిపోయింది. మనసు మాత్రం వెనక్కి జారింది.

1980 అక్టోబర్ 31. ఎక్స్-మెన్ అనే మ్యూటెంట్ల జట్టు శిక్షణ గది, డేంజర్ రూమ్‌లో మొదటి పరీక్ష. మీదికొస్తున్న యంత్రాలన్నిటిలోంచీ తాపీగా నడిచి, అవతలికి చేరింది పదమూడేళ్ల కిట్టీ, అంటే చిన్నప్పటి కేట్. అంతలోనే కుప్పకూలింది. కళ్లు తెరిచింది కిట్టీ కాదు, కేట్. ఇవాళే సెనేటర్ కెల్లీని చంపేస్తారంది. ఆ హత్యతోనే సర్వనాశనం మొదలవుతుందంది. చిన్నపిల్ల మాట ఎవరు నమ్ముతారు?

క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ కలిసి అల్లిన ఈ కథ 'అన్‌కానీ ఎక్స్-మెన్' 141, 142 సంచికల్లో, 1981 జనవరి, ఫిబ్రవరి తేదీలతో వచ్చింది. దీని మీద తీసిన 2014 సినిమాలో కాలం దాటే పని వుల్వరిన్‌కి అప్పగించారు. ఆ పిల్లకి అన్యాయం చేశారు. ఈ బరువు మోసింది ఆమె.

వాషింగ్టన్. సెనేట్ విచారణ. గోడలు బద్దలయ్యాయి. కెల్లీని చంపడానికి మిస్టీక్ అనే మ్యూటెంట్ ముఠా విరుచుకుపడింది. అటు 2013లో కేట్ కోసం తోటి ఖైదీ ఫ్రాంక్లిన్ చచ్చిపోయాడు. సెంటినెల్స్ స్థావరమైన బాక్స్‌టర్ బిల్డింగ్‌లో వుల్వరిన్ కాలి బూడిదయ్యాడు. మరో ఖైదీ స్టార్మ్ ఒరిగిపోయింది. ఇటు పొగలో ఒంటరిగా చిక్కాడు కెల్లీ. ఎదురుగా ఆ ముఠాలోని డెస్టినీ. చూపు లేదు, కానీ రాబోయేది కనిపిస్తుంది. ఆమె చేతిలోని విల్లు పైకి లేచింది.

కిట్టీ ఒంట్లోని కేట్ పరుగెత్తింది. ఆగలేదు. డెస్టినీ ఒంట్లోంచే దూసుకుపోయింది. బాణం గురి తప్పింది. కెల్లీ బతికాడు. కేట్ మనసు తన కాలానికి వెళ్లిపోయింది. మరి రేపు మారిందా?

నెల తిరిగేసరికి అధ్యక్షుడి రహస్య ఆమోదంతో 'ప్రాజెక్ట్ వైడ్‌అవేక్' మొదలైంది. సెంటినెల్స్‌ని తయారుచేసే పని పారిశ్రామికవేత్త సెబాస్టియన్ షాకి దక్కింది.