ఖరగ్‌పూర్: నిస్తంత్రీ వార్తాప్రసార చరిత్రయు, భావిపరిశోధనయు

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాలు రాష్ట్రమున పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు చెందిన రైల్వే పట్టణము. హౌరా నుండి మదరాసునకును, బొంబాయికిని పోవు ప్రధాన మార్గములు విడివడు కూడలి. ఒకవంక రైల్వే వర్క్‌షాపులును, సిగ్నలు–టెలికమ్యూనికేషను శాఖవారి కార్ఖానాయు, వేఱొకవంక హిజ్లీలోని భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థయు (ఐ.ఐ.టి.) నెలకొనియుండుటచే, వార్తాప్రసారమును ప్రాణరక్షణకై అనుదినము వాడుకొను వృత్తియు, అదే ప్రసారమును శోధించు విద్యయు ఒక్క ఊరనే పొరుగై వర్ధిల్లుట ఇచటి విశేషము. నిస్తంత్రీ విద్యయొక్క భవితవ్యము ఈ రెండింటి కలయికను ఆశ్రయించియున్నదని చెప్పదగును.

తంతియుగము. బెంగాలున విద్యుత్తంతి ప్రయోగములు 1839లో ఓషాఘ్నెస్సీ అను వైద్యుడు కలకత్తా సమీపమున తీగ గట్టి వార్తలు పంపుటతో ఆరంభమయ్యెను. 1851 నాటికి కలకత్తా నుండి డైమండ్ హార్బరు వఱకు తంతిమార్గము వెలసెను.

జగదీశచంద్ర వసువు. తీగ లేకయే వార్త పంపుట అను భావమునకు వంగదేశమున మూర్తిత్వము గలిగించినవాడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్రాచార్యుడు జగదీశచంద్ర వసువు. 1895లో కలకత్తా టౌన్‌హాలున, లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున, ఆయన అదృశ్య విద్యుత్తరంగములను గోడల గుండ పంపి దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి సభవారిని విస్మితులను గావించెను. ఆయన వాడిన తరంగముల నిడివి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. 5 మిల్లీమీటర్ల తరంగముల వఱకు ఆయన పుట్టించి శోధించెను. ఇట్టి తరంగములను పంపుటకు కొమ్ము ఆకారపు గొట్టములను, వాని ధ్రువణమును పరీక్షించుటకు మెలిపెట్టిన జనుపనార కట్టలను సాధనములుగా గొనెను. జనుము పండు దేశమున శాస్త్రజ్ఞునకు జనుపనారయే ఉపకరణమగుట మనోహరమైన సంగతి. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఉపన్యసించెను. గెలీనా స్ఫటికముతో నిర్మించిన తరంగగ్రాహకమునకై 1901లో దరఖాస్తు చేయగా, అమెరికా ప్రభుత్వము 1904లో పేటెంటు నొసగెను. ఆ మిల్లీమీటరు తరంగములు పిమ్మట దీర్ఘకాలము వార్తాప్రసారమున నిరుపయోగములై యుండి, నూఱేండ్లకు పైబడిన తరువాత సెల్‌ఫోను పరిశోధకుల దృష్టిని మరల ఆకర్షించినవి.

రైల్వే పట్టణము, తెలుగువారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, తెలుగువారి నోట బి.ఎన్.ఆర్., పందొమ్మిదవ శతాబ్ది చివర ఖరగ్‌పూరును తన కేంద్రములలో ప్రధానమైనదానినిగా జేసికొనెను. ఈస్టు కోస్టు రైలుమార్గముయొక్క ఉత్తరభాగము 1902లో ఆ కంపెనీలో చేరుటతో గంజాము, విశాఖపట్టణ మండలములనుండి తెలుగు కార్మికులు సకుటుంబముగా వచ్చి మథురాకాఠి, నింపురా మున్నగు పేటలలో స్థిరపడిరి. వారి సంతతివారు నేటికిని అచట మాతాపూజను వైభవముగా జరుపుచున్నారు. 1927–28 సంవత్సరముల సమ్మెలకాలమున ఈ కార్మికులకు నాయకుడుగా నిలిచినవారిలో వరాహగిరి వేంకటగిరి అగ్రగణ్యుడు. 2020 డిసెంబరున బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించుటకు ఖరగ్‌పూర్ తెలుగు జనబాహుళ్యమే ముఖ్యహేతువు. రైల్వేకును వార్తాప్రసారమునకును గల సంబంధము పుట్టుకతోడిది: ముందరి స్టేషను నుండి లైను ఖాళీ అను వార్త అందనిదే వెనుకటి స్టేషను బండిని విడువరాదు. కేబిన్లు, బ్లాకు యంత్రములు, కంట్రోలు ఫోను, తరువాత గార్డు–డ్రైవరుల వాకీటాకీ, అన్నియు ఈ ఒక్క నియమముయొక్క క్రమపరిణామములే. 2017 నవంబరున ఖరగ్‌పూర్ యార్డున 800 మార్గములను నియంత్రించు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు నెలకొల్పబడి, అప్పటికి భారతీయ రైల్వేలయందు అన్నింటికంటె పెద్దదని ప్రసిద్ధి గాంచెను.

హిజ్లీ విద్యాపీఠము. పట్టణమున కనతిదూరమున నున్న హిజ్లీ, రాజకీయ బందీల నిర్బంధశిబిరముగా చరిత్రకెక్కినది. 1931 సెప్టెంబరు 16న అచటి కావలివారు నిరాయుధులైన బందీలపై కాల్పులు జరుపగా సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర సేన్‌గుప్త అను యువకులు హతులైరి. రవీంద్రనాథ ఠాకూరును, సుభాస్‌చంద్ర బోసును ఈ ఘాతుకమును బహిరంగముగా గర్హించిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఆ కట్టడములే అమెరికను వైమానిక దళమునకు కార్యస్థానమయ్యెను. దేశమున నాలుగు దిక్కుల ఉన్నత సాంకేతిక విద్యాలయములు వెలయవలెనని నళినీరంజన్ సర్కారు అధ్యక్షతన కమిటీ 1946లో సూచింపగా, వానిలో మొదటిదానిని వంగదేశమున నెలకొల్పవలెనని ముఖ్యమంత్రి విధానచంద్ర రాయ్ పట్టుబట్టెను. 1950లో కలకత్తాలోని అద్దె కట్టడమున పని ప్రారంభించిన సంస్థ ఆ సంవత్సరముననే హిజ్లీకి తరలి, 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ చేతులమీదుగా ప్రారంభోత్సవము జరుపుకొనెను. తొలి ఏడు విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. ప్రథమ సంచాలకుడు సర్ జ్ఞానచంద్ర ఘోషు, వసువు బోధించిన ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థియే. బందీలను మూసియుంచిన గదులలోనే స్వతంత్ర భారతయువకులు విద్యుత్తరంగముల గణితమును అభ్యసించిరనుట ఈ సంస్థకు నిక్కమైన భూషణము. ఎలక్ట్రానిక్సు, విద్యుత్ వార్తాప్రసార శాఖ తొలినాటి శాఖలలో నొకటి. 1956లో పార్లమెంటు శాసనముచే సంస్థ జాతీయ ప్రాముఖ్యము గలదిగా ప్రకటింపబడెను.

అటుపిమ్మట నలువది యేండ్లు రేడియో, రాడారు, సూక్ష్మతరంగ విద్యలయందు బోధనయు శోధనయు సాగినవి.

సెల్‌ఫోను ఆగమనము. భారతదేశమున తొలి సెల్‌ఫోను సంభాషణము 1995 జులై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసువు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామ్‌తో జరిపినది. నాల్గవ తరము సేవయు దేశమున ప్రథమముగా 2012 ఏప్రిల్ 10న కోల్‌కతాలోనే ఆరంభమయ్యెను. ఐదవ తరము 2022 అక్టోబరు 1న వచ్చినది. సెల్‌ఫోను దేశమున అడుగిడిన కాలముననే, ఎలక్ట్రానిక్సు శాఖ పూర్వవిద్యార్థియు పారిశ్రామికుడునగు అర్జున్ మల్హోత్రా విరాళముతో, ఆచార్యుడై పిదప సంచాలకుడైన జి. ఎస్. సన్యాల్ పేరిట టెలికమ్యూనికేషను విద్యాలయము హిజ్లీలో వెలసెను. శిష్యుడు గురువు పేర కట్టించిన ఈ విద్యాలయమే ఖరగ్‌పూర్ నిస్తంత్రీ పరిశోధనకు నేడు నెలవు.

భావిపరిశోధన. 2023 నవంబరున అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సమితి ఆఱవ తరమునకు లక్ష్యచట్రమును అంగీకరించి, ప్రమాణములను 2030 నాటికి స్థిరపఱుప సంకల్పించినది. అదే సంవత్సరము మార్చి 22న భారతప్రభుత్వము తన ఆఱవ తర దర్శనపత్రమును వెలువరించెను. ఖరగ్‌పూరును సన్నిహితముగా తాకు ప్రశ్నలు ఇందు మూడు గలవు.

మొదటిది వేగము. కదలు బండిలోని గ్రాహకమునకు తరంగముల పౌనఃపున్యము మాఱినట్లు తోచును. దీనినే డాప్లర్ మార్పు అందురు. గంటకు 130 కిలోమీటర్ల వేగముతో పోవు రైలున 700 మెగాహెర్ట్జుల తరంగము సెకనునకు సుమారు 84 ఆవృత్తులు మాత్రమే చలించును గాని, 26 గిగాహెర్ట్జుల తరంగము సుమారు 3,100 ఆవృత్తులు చలించును. నాల్గవ, ఐదవ తరముల సంకేతపద్ధతి సన్నని పౌనఃపున్యపు పాయలను ఇఱికించి పేర్చునది గావున ఈ చలనమున పాయలు ఒకదానిలో నొకటి కలసి వార్త చెడును. ఈ చిక్కునకు ప్రతిక్రియగా, సమాచారమును కాలవిలంబము–డాప్లరు అను రెండు అక్షముల తలముపై పఱచు ఓ.టి.ఎఫ్.ఎస్. అను పద్ధతిపై హిజ్లీ ఆచార్యుడు శుభ్రశేఖర్ దాస్, ఆచార్య రామ్‌జీ ప్రసాద్‌తో గూడి గ్రంథమే రచించెను. ఈ విషయమున అది ప్రశంసనీయమైన కృషి.

రెండవది దూరము. మేదినీపూర్ జిల్లాలో వరిపొలముల నడుమ చెదరియున్న పల్లెలకు నగరములవలె అడుగడుగున టవరులు నాటుట వ్యయసాధ్యము. టవరునకు టవరునకు నడుమ 6 కిలోమీటర్ల ఎడమున్నను పనిచేయవలెనను గ్రామీణ పరీక్షను అంతర్జాతీయ ప్రమాణములలో చేర్పించినది భారతీయులే. మద్రాసు, హైదరాబాదు ఐ.ఐ.టి.ల పరిశోధకులు ఇందులకై రూపొందించిన '5జీఐ' 2021లో అంతర్జాతీయ సిఫారసున స్థానము పొంది, పిమ్మట ప్రపంచ ప్రమాణముననే లీనమయ్యెను. దేశీయ పరిశోధన ప్రపంచవేదికపై గెలిచిన ఘట్టములలో ఇది మిన్న.

మూడవది వాన. వసువు శోధించిన 5 మిల్లీమీటర్ల తరంగము, అనగా సుమారు 60 గిగాహెర్ట్జులు, గాలిలోని ప్రాణవాయువుచే కిలోమీటరునకు 15 డెసిబెలుల మేర పీల్చబడును. అనగా ఆ ఒక్క కారణముననే శక్తి ముప్పదవ పాలునకు దిగును. 26 గిగాహెర్ట్జులకు ఈ బాధ స్వల్పమైనను వానచినుకులు దానిని చెదరగొట్టును. శీతల శుష్కదేశములలో గీచిన లెక్కలు ఆషాఢ శ్రావణములలో ఎడతెగక కురియు వంగదేశపు వర్షమునకు చాలవు గావున, ఇచటి వానను ఇచటనే కొలిచి లెక్క కట్టవలసియున్నది.

రైల్వే రేడియో. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజనుకు చెందిన బాహానగా బజార్ స్టేషనున, మద్రాసు పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు లూపులైనులోని గూడ్సుబండిని ఢీకొనగా మూడు వందలకు సమీపముగా ప్రయాణికులు మరణించిరి. సిగ్నలు వలయముల మార్పులో జరిగిన లోపము హేతువని రైల్వే భద్రతా కమీషనరు విచారణమున తేలెను. బండ్లు ఢీకొనకుండ కాపాడు కవచ్ అను పద్ధతి ఆ మార్గమున నాటికి లేదు. ఈ పద్ధతిలో పట్టాల నడుమ అమర్చిన బిళ్ళలు ఇంజనునకు దాని స్థానమును దెలుపగా, స్టేషను సిగ్నలు స్థితిని రేడియో చేరవేయును. లోకోపైలటు ఆపనియెడల బ్రేకు తానే పడును. ఇది తొలుత పరీక్షింపబడినది దక్షిణ మధ్య రైల్వే లింగంపల్లి–వికారాబాదు–వాడి మార్గమున. 2021 జూన్‌లో కేంద్రమంత్రివర్గము 700 మెగాహెర్ట్జుల పట్టీలో 5 మెగాహెర్ట్జులను రైల్వేలకు కేటాయించినది. కవచ్ నేడు వాడు యు.హెచ్.ఎఫ్. రేడియో స్థానమున ఈ పట్టీపై నడుచు నాల్గవ తరపు ఎల్.టి.ఇ. జాలమును ప్రతిష్ఠించుట రైల్వేల సంకల్పము. బండి ఒక టవరు పరిధి నుండి వేఱొకదాని పరిధికి మాఱు క్షణమున సంకేతము తెగకుండుట, వందలకొలది మార్గములు గల యార్డున ఇరుగుపొరుగు ఇంజనుల వార్తలు ఒకదానికొకటి అడ్డుపడకుండుట, ఇంతటి ఇఱుకైన పట్టీలో భద్రతావార్తకు తక్కిన సంభాషణములకంటె మున్ముందు త్రోవ దొరకుట అనునవి ఈ మార్పునకు ముందుగా సాధింపవలసిన సమస్యలు.