కట్టుట యొక యెత్తు, కాచుట యొక యెత్తు



పటాన్‌చెరువు పేరులోనే చెరువున్నది. కాని యా యూరి పేరు వినగానే నేటివారికి స్ఫురించునవి కర్మాగారముల పొగగొట్టములు. ఆ ప్రాంతముననే, ముంబయి రహదారి పొడవున, రెండు విద్యాస్థానములు కలవు. మొదటిది 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ. రెండవది సంగారెడ్డి చెంతనున్న కంది గ్రామమునందలి ఐ.ఐ.టి. అది 2008లో ఎద్దుమైలారమున తాత్కాలికముగా నారంభమై, 2015లో కందికి తరలివచ్చినది. ఇట్టి భవనములను కట్టించిన కథ పలువు రెరుగుదురు. కాపాడు కథ నెరిగినవా రరుదు. ఆ రెండవ కథను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇక్రిశాట్‌లో నొక విత్తన భాండాగార మున్నది. మన తాతలు విత్తిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, రాగి మొదలగు పంటల విత్తన నమూనాలు, దేశదేశములనుండి తెచ్చినవి, 1,20,000కు పైగా నచ్చట నిలువయున్నవి. వానిలో ననేకము నేడు పుట్టినయూరి పొలములలో కానరావు. ఆ విత్తనములను ముందుగా తేమ తీసి యెండించి, కొన్నిటిని 4 డిగ్రీల చలిలోను, దీర్ఘకాలము దాచవలసినవానిని సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలోను ఉంతురు. తమ దేశములలో కనుమరుగైన రకములను ఇథియోపియా, కామెరూను, బోట్స్వానా వంటి దేశములు ఇచ్చటినుండియే మరల పొందగలిగినవి.

వెలుపల మండువేసవి, గోడకావల గడ్డకట్టు చలి. ఆ చలిని రేయింబవళ్లు నిలుపునవి యంత్రములు. ఆ యంత్రములకు విద్యుత్తు కావలెను. అది ఆగినచో జనరేటరు కావలెను. దానికి నూనె కావలెను. నూనె యున్నదో లేదో చూచు మనుష్యుడు కావలెను. విత్తనము ఒక్కనాటిలో చావదు. పలుమారులు చలి తప్పి తేమ చేరినచో, మొలకెత్తు శక్తి లోలోపల క్షీణించును. చేతికి తీసికొని చూచిన గింజ గింజవలెనే యుండును. విత్తిననాడు గాని మోసము బయటపడదు. రసాయన ప్రయోగశాలలందును ఇంతే. విషవాయువులను వెలికి లాగు పంకా పట్టీ సడలినను గది చూపులకు మారదు; అందు పనిచేయు విద్యార్థి యూపిరికే యపాయము.

కావుననే యిట్టి భవనములకు సంరక్షణ గ్రంథములను సిద్ధపరతురు. అందేమి యుండవలెను? గోడలలో, నేలలో దాగిన గొట్టములు, తీగెలు, కవాటములు ఎచ్చటెచ్చట నున్నవో తెలుపు పటములుండవలెను. ఆ పటములు కట్టకమునుపు గీసినవి గాక, కట్టినది కట్టినట్లు చూపునవి కావలెను. ప్రతి యంత్రమునకును దినమున కేమి చూడవలెను, మాసమున కేమి చేయవలెను, వత్సరమున కేమి మార్చవలెను. చెడినచో మొదట దేని నాపవలెను, ఎవరిని పిలువవలెను అనునవి యుండవలెను. చేసిన ప్రతి మార్పును తేదీతో గూడ వ్రాసి యుంచవలెను. ఈ కడపటి పని సాగనిచో గ్రంథము పాతబడి, దారి చూపుటకు మారుగా దారి తప్పించును.

ఇది నిన్నమొన్నటి యూహ కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునకు 1369లో శాసనము వేయించిరి. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టినవి. ఆ శాసనకర్త రాజకీర్తితో తృప్తి చెందక, మంచి చెరువునకు కావలసిన 12 సాధనములను, చెరువునకు గల 6 దోషములను లెక్కించి రాతిపై చెక్కించెను. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. మరియు చెరువులు కట్టించినవారికి, బాగుచేయించినవారికి దశబంధ మాన్యము లిచ్చు నాచారము మన సీమలలో నుండెను. అనగా మన పెద్దలు జ్ఞానమును రాతికప్పగించిరి. పనిని పొలము పంటకు ముడివేసిరి.

నీరూరుట యెంత పాత దోషమో, అంత కొత్తది గూడ. ప్రపంచ విత్తనముల రక్షణకై నార్వే దేశమువారు ఉత్తర ధ్రువమునకు చేరువనున్న స్వాల్‌బార్డ్ దీవులలో మంచుకొండను దొలిచి 2008లో నొక భాండాగారమును తెరచిరి. పటాన్‌చెరువు విత్తనములకును అచ్చట జంట నమూనాలు కలవు. మనిషి కాపు లేకున్నను కొండ చలియే కాచునని తలచిరి. 2016లో వాతావరణము వేడెక్కి, వాన కురిసి, ప్రవేశ సొరంగములోనికి నీరు వచ్చెను. విత్తనములకు హాని కలుగలేదు గాని, సొరంగమును నీరు చొరనట్లు మరల నిర్మింపవలసి వచ్చెను. కాపు వలదన్న కట్టడము భూమిపై లేదు.

ఇక నా యనుభవ మొకటి. నేను పనిచేసిన యొకానొక పాఠశాలలో నొక వృద్ధ సేవకు డుండెడివాడు. పైకప్పు వాననీటిని దింపు గొట్టమునకు నేలలో నొక మూత కలదు. ఏటేటా తొలకరికి ముందు దానిని తెరచి శుభ్రపరచెడివాడు. అతడు కాలముచేసిన యేడు గొట్టము పూడుకొనెను. ఆ మూత యెచ్చట నున్నదో మాలో నొక్కరికిని తెలియదు. మూడు దినములు త్రవ్వితిమి. ఈలోగా రెండు బీరువాల గ్రంథములు తడిసి ముద్దయ్యెను. అతనికి వ్రాత రాదు. వ్రాత వచ్చిన నేను ఇరువదియేండ్లలో నొక్కనాడును అతని నడుగలేదు. వ్యాకరణసూత్రములు వేలు వల్లించిన నాకు ఆ యొక్క వాక్యము వ్రాసికొనవలెనని తోచలేదు. ఆ దోషము నాదే.

అందువలన నా విన్నపము రెండు మాటలు. కంది భవనములను కొన్నిటిని జపాను దేశీయులు రూపించిరి, యంత్రములు నానాదేశములవి, వానితో వచ్చు పుస్తకము తరచుగా నాంగ్లమున నుండును. కాని నడిరేయి కవాటమును త్రిప్పు చేయి సంగారెడ్డి బిడ్డడిది. ఆ చేతికి తెలియు భాషలో, తెలుగున, ఆ పుస్తకముండవలెను. దానిని వ్రాయువాడు బల్లకడ కూర్చుండక, ఆ చేతి వెంట తిరిగి, అతడు చేయునది చూచి వ్రాయవలెను.

రెండవది మీకు. మీ యూరి చెరువు తూమును ఎంతవర కెత్తవలెనో నీరటికి తెలియును. మంచినీటి గొట్టము ఏ వీధిలో మలుపు తిరిగినదో మరియొక పెద్దకు తెలియును. వారుండగనే యడుగుడు, ఒక పుస్తకమున వ్రాయుడు, పంచాయతీలో నుంచుడు, ఏటేటా సవరింపుడు. కట్టించినవాని పేరు శిలాఫలకముమీద నుండును. కాచువాని పేరుండక పోవచ్చును. అతని తెలివియైన కాగితముమీద నిలుచుగాక.

సెలవు.