పసిపిల్లల న్యుమోనియా: బ్యాక్టీరియా రకాలు, టీకా ఎంపిక – డొంకూరు, ఉద్దానం తీరం

అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాల్లో ముందుగా చెప్పుకోవలసింది స్ట్రెప్టోకోకస్ న్యుమోనియే. వైద్యులు క్లుప్తంగా న్యుమోకాకస్ అంటారు. ఇది ఒకే సూక్ష్మజీవి అయినా దీనిలో నూరుకు పైగా రకాలున్నాయి. వాటినే సీరోటైపులు అంటారు. ఒక రకానికి తయారుచేసిన టీకా మరో రకాన్ని చాలావరకు ఆపలేదు. అందువల్ల ఏ దేశంలో, ఏ వయసు పిల్లల్ని ఏ రకాలు పడగొడుతున్నాయో తెలియకుండా టీకాను ఎంచుకోవడం చీకట్లో వల విసరడమే. 2019లో ప్రపంచవ్యాప్తంగా 7 లక్షల 40 వేల మంది అయిదేళ్లలోపు పిల్లలు న్యుమోనియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసు మరణాలన్నిటిలో ఇది 14 శాతం.

న్యుమోకాకస్ తర్వాత స్థానం హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి రకానిది. దీన్ని హిబ్ అంటారు. పుట్టిన కొద్ది రోజుల పసికందుల్లోనూ, బాగా నీరసించిన పిల్లల్లోనూ క్లెబ్సియెల్లా, స్టాఫిలోకోకస్ ఆరియస్ కూడా న్యుమోనియా తెస్తాయి. వైరస్‌ల వాటా చిన్నది కాదు. ఏడు దేశాల్లో జరిపి 2019లో ప్రచురించిన పెర్చ్ అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరిన తీవ్ర న్యుమోనియా కేసుల్లో సుమారు 61 శాతానికి వైరస్‌లు, 27 శాతానికి బ్యాక్టీరియాలు కారణమని తేలింది. అయితే ప్రాణం తీసే న్యుమోనియాల్లో బ్యాక్టీరియా పాత్ర పెద్దది. టీకాతో ముందే అడ్డుకోగలిగినదీ, మందుతో నయం చేయగలిగినదీ కూడా అదే.

ఊరు, రోగం

డొంకూరు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు చేరువలో ఉన్న మత్స్యకార గ్రామం. ఇక్కడి నుంచి దక్షిణంగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మీదుగా పలాస వైపు సాగే కొబ్బరి, జీడి తోటల సీమే ఉద్దానం. ఉద్దానం అనగానే అందరికీ కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. అది న్యాయమే. ఆ బాధ అంత పెద్దది. కానీ అదే ఇళ్లలో ఉన్న పసిపిల్లల ఊపిరితిత్తుల గురించి జరిగిన చర్చ చాలా తక్కువ.

ఇళ్లలో న్యుమోనియా అన్న మాట కంటే ముందు వినిపించేది "పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు" అన్న మాట. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ న్యుమోనియాకు ముఖ్య గుర్తుగా చెప్పింది. అమ్మమ్మలు తరతరాలుగా కళ్లతో చూసి చెబుతున్నదీ దాన్నే. రెండో గుర్తు శ్వాస వేగం. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు పసికందుకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, 2 నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగమైన శ్వాస. పాలు తాగలేకపోవడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్ రావడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటి వాతావరణమూ ఈ జబ్బుకు దారి వేస్తుంది. కట్టెలు, ఎండిన కొబ్బరి మట్టలు కాల్చే పొయ్యి దగ్గర పెరిగే బిడ్డకు ఊపిరితిత్తుల జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇరుకు గది, తక్కువ బరువుతో పుట్టడం, తల్లిపాలు త్వరగా మాన్పించడం, తట్టు సోకడం మిగతా కారణాలు.

చక్కెర తొడుగు

న్యుమోకాకస్‌ను 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ ఒకరికొకరు తెలియకుండానే కనుగొన్నారు. ఈ కణం చుట్టూ చక్కెర అణువులతో అల్లిన తొడుగు ఉంటుంది. మన తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాను మింగకుండా అడ్డుపడేది ఈ తొడుగే. దాని అల్లిక మారితే రకం మారుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్ న్యూఫెల్డ్ 1902లో ఒక సంగతి గమనించాడు. సరైన సీరం కలిపితే సూక్ష్మదర్శిని కింద ఆ తొడుగు ఉబ్బినట్టు కనిపిస్తుంది. రకాలను గుర్తించే ఆ పరీక్ష ఈనాటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు దానికి తోడు బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష వచ్చింది.

తొడుగులోని చక్కెరనే టీకాగా ఇచ్చే పద్ధతి పెద్దవాళ్లలో పనిచేసింది. 23 రకాల అలాంటి టీకా 1983లో వచ్చింది. కానీ రెండేళ్లలోపు పిల్లల శరీరం వట్టి చక్కెరను చూసి సరైన రక్షణ తయారు చేసుకోలేదు. జబ్బు ఎక్కువగా చంపేదేమో ఆ వయసు వాళ్లనే. ఈ చిక్కు తీర్చడానికి చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికించారు. అలా పుట్టిందే కాంజుగేట్ టీకా. హిబ్‌కు 1987లోనూ, న్యుమోకాకస్‌కు 2000లోనూ ఇవి అమెరికాలో అనుమతి పొందాయి. న్యుమోకాకస్ టీకాను పీసీవీ అంటారు.

ఇక్కడ తెలుగువాళ్లు గుర్తుంచుకోదగిన చిన్న సంగతి ఉంది. ఆ తొలి పీసీవీని తెచ్చింది వైయెత్ లెడర్లీ సంస్థ. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని అదే లెడర్లీ పరిశోధనశాలకు, అంతకు అర్ధశతాబ్దం ముందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి 1948లో మరణించేవరకు నాయకత్వం వహించారు. న్యుమోనియా సహా అనేక జబ్బులకు మందైన ఆరియోమైసిన్ ఆయన బృందం నుంచే వచ్చింది.

మన పిల్లల్లో ఏ రకాలు

2000 నాటి తొలి టీకాలో 7 రకాలున్నాయి: 4, 6బి, 9వి, 14, 18సి, 19ఎఫ్, 23ఎఫ్. అమెరికా పిల్లల్లో కనిపించిన రకాలను బట్టి చేసిన ఎంపిక అది. మన దేశానికి అది ఎంతవరకు సరిపోతుందన్న ప్రశ్నకు జవాబు అప్పటికే సగం సిద్ధంగా ఉంది. 1993 నుంచి 1997 వరకు దేశంలోని ఆరు ఆసుపత్రుల్లో జరిపి 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన ఐబిస్ అధ్యయనంలో, న్యుమోకాకస్ జబ్బుల్లో 29 శాతం 1, 5 రకాల వల్లే వచ్చాయని తేలింది. ఆ రెండూ ఏడు రకాల టీకాలో లేవు. బయటి దేశం టీకాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన పిల్లలకు ఎక్కడ లోటు వస్తుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన అంకె అక్కర్లేదు.

తర్వాతి పెద్ద లెక్క 2011 నుంచి 2015 మధ్య తేలింది. 18 ఆసుపత్రుల్లో అయిదేళ్లలోపు పిల్లలు 4,377 మందిని పరీక్షించగా 361 మందిలో న్యుమోకాకస్ దొరికింది. ఎక్కువగా కనిపించిన రకాలు వరుసగా 14, 1, 5, 19ఎఫ్. దొరికిన నమూనాలన్నిటిలో సుమారు నాలుగింట మూడు వంతులను 13 రకాల టీకా కప్పుతుందని ఆ అధ్యయనం చెప్పింది. మరో హెచ్చరిక కూడా అందులోనే ఉంది. కోట్రైమాక్సజోల్ మందుకు మూడింట రెండు వంతుల నమూనాలు లొంగలేదు. పెన్సిలిన్‌కు లొంగనివి 8 శాతం.

కోట్రైమాక్సజోల్ పేరు వినగానే గడ్చిరోలి గుర్తుకు రావాలి. మన తెలంగాణను ఆనుకుని ఉన్న ఆ మహారాష్ట్ర జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల చివర్లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పి, కోట్రైమాక్సజోల్ వారి చేతికిచ్చారు. పిల్లల న్యుమోనియా మరణాలు సగానికి పైగా తగ్గాయి. డాక్టరు లేని ఊళ్లో ఒక చదువుకున్న మనిషి, గడియారం ముల్లు, ఒక మందు ఎంత చేయగలవో నిరూపించిన పని అది. బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడటంతో ఇప్పుడు ఆ చోటులోకి అమాక్సిసిలిన్ వచ్చింది. కరిగే బిళ్లల రూపంలో ఇస్తే పసిపిల్లలకు తేలిక.

రకం తెలుసుకోవడం ఎందుకంత కష్టం

పసిపిల్లలు కఫం ఉమ్మలేరు. కాబట్టి రక్తం తీసి కల్చర్ చేయాలి. న్యుమోకాకస్ సున్నితమైనది. ఆలస్యమైతే తనను తానే కరిగించుకుంటుంది. గొర్రె రక్తం కలిపిన అగార్ మీద, సరైన వెచ్చదనంలో, సమయానికి పెంచాలి. అంతకంటే పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. ఆసుపత్రికి వచ్చేలోపే ఊళ్లోని మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ రెండు డోసులు పడి ఉంటాయి. అప్పుడు బ్యాక్టీరియా ఊపిరితిత్తిలో ఉన్నా రక్తంలో దొరకదు. అందుకే న్యుమోనియా పిల్లల్లో రక్త కల్చర్ పాజిటివ్ రావడం నూటికి పదికి లోపే ఉంటుంది. దొరికినవే లెక్కలోకి వస్తే, దొరకని పిల్లలు ప్రణాళికలో ఎక్కడా కనిపించరు.

ఇది తెలిసే శాస్త్రవేత్తలు ప్రశ్నను తిరగేశారు: టీకా వేసినవాళ్లలో ఎంత న్యుమోనియా తగ్గిందో చూస్తే, ఆ బ్యాక్టీరియా వాటా ఎంతో తెలుస్తుంది కదా? గాంబియాలో 9 రకాల టీకాతో చేసిన పరీక్ష ఫలితం 2005లో వెలువడింది. ఎక్స్‌రేలో కనిపించే న్యుమోనియా 37 శాతం, అన్ని కారణాల మరణాలూ కలిపి 16 శాతం తగ్గాయి. కల్చర్‌లో కనిపించని భారం అలా బయటపడింది.

ఈ తీరంలో లెక్కకు మరో అడ్డంకి ఉంది. డొంకూరులో డొక్కలెగరేసే బిడ్డను ఇచ్ఛాపురంలో చూపిస్తారు. తగ్గకపోతే చాలామందికి శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖ కేజీహెచ్. ఒకే తీరపు పిల్లలు రెండు రాష్ట్రాల ఆసుపత్రుల్లోకి చీలిపోతారు. జిల్లాను యూనిట్‌గా తీసుకునే ఏ నిఘా లెక్కకైనా ఇది ఇబ్బందే. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి, పట్టుబడితే ఈ సీమకు ఎంత పెద్ద సదుపాయం రాగలదో చూపింది. పిల్లల రక్త నమూనాలకు నమ్మకమైన కల్చర్ ల్యాబ్ కూడా ఇక్కడికి అంతే దగ్గరగా ఉండాలి. అప్పుడు టీకా పట్టికలో ఈ తీరపు రకాలకూ చోటు దొరుకుతుంది.

ఏ టీకాలో ఏ రకాలు

ఏడు రకాల టీకా తర్వాత 2009లో 10, 2010లో 13 రకాల టీకాలు వచ్చాయి. ఈ రెండిటిలోనూ 1, 5, 7ఎఫ్ చేరాక పీసీవీ మన పిల్లలకు పనికొచ్చే టీకా అయింది. 13 రకాల దానిలో 3, 6ఏ, 19ఏ అదనం. 19ఏ చేరడానికి కారణముంది. ఏడు రకాల టీకా వాడాక అమెరికాలో ఆ ఏడూ తగ్గిపోయి, ఖాళీ అయిన చోటులోకి 19ఏ పెరిగింది. పిల్లల ముక్కులో కాపురముండే సూక్ష్మజీవి ఇది. ఒక రకం పోతే మరొకటి వచ్చి కూర్చుంటుంది. అందువల్ల టీకా వేయడం మొదలుపెట్టాక కూడా రకాల మీద నిఘా ఆపకూడదు.

పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన 10 రకాల న్యుమోసిల్‌లో 1, 5, 6ఏ, 6బి, 7ఎఫ్, 9వి, 14, 19ఏ, 19ఎఫ్, 23ఎఫ్ ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా పిల్లల లెక్కలు చూసి ఎంచినవి ఇవి. దీన్ని 2019 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. పేద దేశాలకు డోసు 2 డాలర్లకు ఇచ్చే ఒప్పందం 2020లో కుదిరింది. హైదరాబాద్‌లో 1953లో మొదలైన బయొలాజికల్ ఇ సంస్థ 14 రకాల టీకా చేసి 2022 డిసెంబరులో దేశంలో అనుమతి పొందింది. అందులో 6ఏ లేదు. 22ఎఫ్, 33ఎఫ్ కొత్తగా చేరాయి.

ఆంధ్రప్రదేశ్‌లో

హిబ్ టీకా పెంటావలెంట్‌లో భాగంగా 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళల్లో మొదలై 2015 నాటికి దేశమంతా చేరింది. పీసీవీ 2017 మేలో హిమాచల్ ప్రదేశ్, బిహార్, ఉత్తర ప్రదేశ్‌లతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీకాల పట్టికలోకి 2021 ఆగస్టులో వచ్చింది. అంతవరకు ఇది ప్రైవేటు ఆసుపత్రిలో వేలు పోయగలిగినవాళ్ల టీకా. వలలు, జీడి పిక్కల పని మీద బతికే ఇళ్లకు అందని వస్తువు.

డోసులు మూడు: 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. పీసీవీని కుడి తొడకు, పెంటావలెంట్‌ను ఎడమ తొడకు వేస్తారు. టీకా వేసుకున్న పిల్లల ముక్కులో ఆ రకాలు తగ్గుతాయి కాబట్టి, ఇంట్లోని తాతా నాయనమ్మలకూ కొంత రక్షణ వస్తుంది.

పీసీవీని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పాడైపోతుంది. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ కరెంటు పోయినా కొన్ని గంటలు చల్లదనం నిలుపుతుంది. కానీ 2018 అక్టోబరు 11న పలాసకు చేరువలో తీరం దాటిన తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. ఈ తీరంలో టీకా ప్రణాళిక అంటే జనరేటర్‌కు డీజిల్, తుపాను హెచ్చరిక రాగానే టీకాలను ఎక్కడికి తరలించాలన్న ముందస్తు ఏర్పాటు కూడా.

మూడో డోసుకు మరో చిక్కు ఉంది. మొదటి కాన్పుకు ఆడపిల్ల కన్నవారింటికి వస్తుంది. కొందరికి ఆ కన్నవారిల్లు సరిహద్దు అవతల గంజాం జిల్లాలో ఉంటుంది. 6 వారాల సూది, 14 వారాల సూది అక్కడి ఏఎన్ఎం వేస్తుంది. బిడ్డకు కాస్త మెడ నిలిచాక అత్తవారింటికి వస్తారు. 9వ నెల డోసు ఇక్కడి ఏఎన్ఎం చేతుల మీదుగా పడాలి. మధ్యలో గుజరాత్‌లోని వెరావల్‌కో, చెన్నైకో కుటుంబంతో వలస వెళ్లినవాళ్లకు ఇది మూడో ఊరు. తల్లి దగ్గరున్న ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డులో మొదటి రెండు తేదీలు ఉంటే ఏఎన్ఎం పని నిమిషంలో అయిపోతుంది. కార్డు కన్నవారింటి పెట్టెలో ఉండిపోతే, ఆశా కార్యకర్త ఆ ఊరికి ఫోన్ చేసి తేదీలు కనుక్కుని, వచ్చే బుధవారమో శనివారమో ఆ బిడ్డను మళ్లీ పిలిపించాలి.